నలుపు గురించి ప్రదర్శన చెయ్యాలనుకునే అమ్మాయిలకు

మా ఇంట్లో నన్ను ముద్దుగా "కర్రెపిల్ల" అనేవాళ్ళు. నానమ్మ "నలుపు నారాయణుడు మెచ్చు" అంటూనే నా మొహానికి నలుగు పెట్టి గట్టిగా రుద్దేది. నిరుడు హైదరాబాద్‌లో, ఓ ఆరుబయట వేదిక మీద నేను చేసిన 40 నిమిషాల ప్రదర్శన అక్కడి నుంచే పుట్టింది. అలాంటిది తామూ చేస్తామని అడుగుతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు లొరెయిన్ ఓ'గ్రేడీ అనే నల్లజాతి అమెరికన్ కళాకారిణి గురించి తెలుసుకోండి. న్యూయార్క్‌లో 'జస్ట్ అబవ్ మిడ్‌టౌన్' అని నల్లజాతి కళాకారుల గ్యాలరీ ఉండేది. 1980లో ఆమె 180 జతల తెల్ల గ్లవుజులతో కుట్టిన గౌను వేసుకుని, కొరడా పట్టుకుని అక్కడికి వెళ్ళింది. నల్లజాతి కళ ఇంకా తెగించాలని అందరి ముందూ కేకేసింది. ఇక ఏడ్రియన్ పైపర్ అనే ఇంకో నల్లజాతి అమెరికన్ కళాకారిణిది ఇంకో దారి. ఆమెను చూసి తెల్లావిడ అనుకుని, ఆమె ఎదుటే నల్లవాళ్ళను తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు. 1986లో ఆమె చిన్న కార్డులు అచ్చు వేయించింది. ఎవరైనా అలా నోరు జారితే, 'నేను నల్లజాతి మనిషిని' అని చెప్పే ఆ కార్డు చేతిలో పెట్టేది.

వాళ్ళ నుంచి పద్ధతి నేర్చుకోండి, బాధను అరువు తెచ్చుకోకండి. వాళ్ళ వెనక బానిసత్వం ఉంది. మనల్ని కాల్చేది పెళ్ళిచూపులు, కులం. నల్లజాతి మనిషిలా కనిపించాలని మొహానికి మసి మాత్రం ఎప్పుడూ పూసుకోవద్దు. మన హైదరాబాద్‌లోనే మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. నిజాం కాలం నాటి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చిన పేరది. ఆ గార్డుల, అంటే ఆఫ్రికా మూలాలున్న సిద్దీల, వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. వాళ్ళ కథ కావాలంటే వాళ్ళనే పిలిచి వేదిక ఇవ్వండి.

నా సరంజామా పెళ్ళి ప్రకటనలు అతికించిన ఒక చున్నీ, అంతే. ఆదివారం పేపర్లలో పెళ్ళి ప్రకటనలు మూడు నెలలు కత్తిరించాను. వధువు కావాలి అన్నవాటిలో "తెలుపు", "ఫెయిర్" అని ఉన్నవే. మొదటిసారి పేపర్ ముక్కల్నే గుడ్డకు అతికించి ఇంట్లో వేసుకుని చూశాను. పది నిమిషాల్లో భుజం దగ్గర చిట్లిపోయింది. విప్పాక అద్దంలో చూసుకుంటే చెమటకు సిరా అంటుకుని, నా మెడ మీద "తెలుపు" అన్న మాట స్పష్టంగా కనిపించింది. కాసేపు తుడుచుకోలేకపోయాను.

అందుకే ప్రకటనల్ని జిరాక్స్ తీయించండి, ఆ నలుపు చెమటకు కరగదు. రెండున్నర మీటర్ల పాత కాటన్ గుడ్డ మీద, మైదా ఉడికించిన జిగురుతో, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వచ్చేలా పై అంచు మాత్రమే అతికించండి. అప్పుడు నడిస్తే చిట్లదు, గాలికి సన్నగా చప్పుడు చేస్తుంది కూడా.

ప్రదర్శనలో నేనేమీ మాట్లాడలేదు. పక్కన స్టూలు మీద ఖాళీ చీటీలు, పెన్ను, 50 పిన్నీసులు పెట్టి, "మీ రంగు గురించి మీతో అన్న మాట రాసి, నాకు గుచ్చండి" అని అట్ట మీద రాశాను. మొదటి పావుగంట ఎవరూ రారు. టెన్షన్ పడి నవ్వకండి, కదలకండి. ఒక్కరు లేస్తే మిగతావాళ్ళు వస్తారు. ఒక పెద్దావిడ చీటీ గుచ్చి, దాని మడతను గోటితో మెల్లగా సరిచేసి వెళ్ళింది. ఒకబ్బాయి "మా చెల్లి" అని మాత్రమే రాశాడు.

రోడ్డు మీద చేస్తే ముందే పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వెంట ఒక స్నేహితురాలు ఉండాలి. ఎవరి చెయ్యయినా హద్దు దాటితే ఆపాల్సింది ఆమే.

అయిపోయాక చీటీలన్నీ ఓ కవర్లో దాచండి. పిన్నీసులు లెక్కపెట్టి డబ్బాలో వెయ్యండి. నాకు 63 వచ్చాయి. స్టూలు మీదివి అయిపోయాక వచ్చిన ఆడవాళ్ళు తమ చీరల్లోంచి తీసి గుచ్చారు.