పెళ్లి డీవీడీ, పెద్ద మానిటర్ – 2వ పాఠం: తలంబ్రాల దగ్గర బొమ్మ ఎందుకు చీలుతుంది?

గత పాఠంలో డిస్కును మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి, అందులోని వీడియోను మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రాముతో ఉన్నదున్నట్టుగా హార్డ్ డిస్కులోకి ఎక్కించాం. ఆ ఫైలు మీ దగ్గర సిద్ధంగా ఉందనుకుని ఈ పాఠం మొదలుపెడుతున్నాను. ఇంకా ఎక్కించనివాళ్లు ముందు ఆ పని చూడండి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క డిస్కును పదే పదే తిప్పుతూ ప్రయోగాలు చేయొద్దు.

మా గుంటూరులో బ్రాడీపేటలో అడిగినా, అరండల్‌పేటలో అడిగినా వినిపించే మాట ఒకటే: “పాత టీవీలో బాగానే ఉండేదండీ. కొత్త మానిటర్‌లో పెడితే మసకమసకగా, గీతలు గీతలుగా వస్తోంది. డిస్కు పాడైపోయిందా?” పాడైపోలేదు. డిస్కు పాడైతే బొమ్మ మధ్యలో ఆగిపోతుంది, ముక్కలుగా విరుగుతుంది, సౌండ్ తెగిపోతుంది. మసకా గీతలూ వేరే లెక్క. వాటిని చాలావరకు ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

మన దేశంలో పెళ్లిళ్లు తీసిన కెమెరాలు పాల్ అనే టీవీ పద్ధతివి. అలాంటి డీవీడీలో ఒక్కో ఫ్రేము అడ్డంగా 720 చుక్కలు, పైనుంచి కిందికి 576 వరసలు. గుణిస్తే 4,14,720 చుక్కలు. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలు, సరిగ్గా 5 రెట్లు. 4కే మానిటర్ అయితే 20 రెట్లు. లేని చుక్కలన్నిటినీ ప్లేయరు పక్క చుక్కలను చూసి లెక్కగట్టి నింపుతుంది. అందుకే ఏం చేసినా ఇది హెచ్‌డీ అవదు. మన పనల్లా డిస్కులో ఉన్నదాన్ని కంప్యూటరు చెడగొట్టకుండా చూసుకోవడం.

ఇంకో సంగతి. పాత టీవీని మీరు గది అవతలి గోడ దగ్గర పెట్టి చూసేవారు. మానిటర్ ముందు రెండడుగుల దూరంలో కూర్చుంటున్నారు. 24 అంగుళాల మానిటర్‌లో డీవీడీ వరస ఒక్కోటి దాదాపు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. మామూలు చూపున్నవారికి ఆ వరసలు విడివిడిగా తెలియకుండా ఉండాలంటే ఆరడుగులు వెనక్కి జరగాలి. కుర్చీ వెనక్కి లాగి చూడండి, సగం ఫిర్యాదు అక్కడే తీరిపోతుంది. ఇల్లంతా చేరి చూసేటప్పుడు మానిటర్‌ను బల్ల అంచు నుంచి గోడ దగ్గరికి జరిపి, అందరూ మంచం మీదో చాప మీదో కూర్చుంటే చాలు.

ఇక అసలు పాఠం, గీతల సంగతి.

పెళ్లి కెమెరా సెకనుకు 50 సార్లు బొమ్మ పట్టుకుంటుంది. కానీ ఒక్కోసారి సగం వరసలే. మొదటిసారి ఒకటి, మూడు, ఐదు ఇలా 288 వరసలు. సెకనులో యాభయ్యో వంతు గడిచాక రెండు, నాలుగు, ఆరు ఇలా మిగతా 288. ఈ సగం బొమ్మను ఫీల్డు అంటారు. పాత పిక్చర్ ట్యూబు టీవీ కూడా అదే వరసలో గీసేది కాబట్టి అప్పుడు ఏ గొడవా లేదు. మానిటర్ అలా కాదు, 576 వరసలనూ ఒకేసారి చూపిస్తుంది. దాంతో రెండు వేరువేరు క్షణాలు ఒకే బొమ్మలో కలిసిపోతాయి. కదలనివాటికి ఏమీ కాదు. మండపం, అరటి చెట్లు, ముందు వరసలో కూర్చున్న పెద్దలు బాగానే కనిపిస్తారు. కదిలిన ప్రతిదాని అంచూ దువ్వెన పళ్లలా చీలుతుంది.

దీన్ని కళ్లారా చూద్దాం. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరులో ఫైలు తెరిచి తలంబ్రాల ఘట్టానికి వెళ్లండి. వీడియో మెనూలో డీఇంటర్లేస్‌ను, అంటే ఈ సగం బొమ్మలను పూర్తి బొమ్మలుగా మార్చే సెట్టింగ్‌ను, ఆఫ్ చేసి, కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం నొక్కండి. నొక్కినప్పుడల్లా బొమ్మ ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. పెళ్లికూతురు దోసిలి ఎత్తిన ఫ్రేము దగ్గర ఆగండి. ముంజేతి అంచు నున్నగా ఉండాల్సిన చోట అడ్డంగా సన్నసన్న పళ్లు. గాలిలో ఉన్న ఒక్కో పసుపు బియ్యపు గింజ రెండు చోట్ల సగం సగం. అదే ఫ్రేములో వెనకాల నిలబడ్డ అమ్మాయి చేతిలో పళ్లెం మాత్రం చెక్కుచెదరదు, అది కదలడం లేదు గనక. ఈ ఒక్క ఫ్రేమును రెండు నిమిషాలు తీరిగ్గా చూడండి. మిగతా పాఠమంతా దీని మీదే నిలబడుతుంది.

ఇప్పుడు డీఇంటర్లేస్‌ను ఆన్ చేయండి. ఇంగ్లిష్ ‘డీ’ అక్షరం నొక్కినా అదే పని. తర్వాత దాని కిందే ఉన్న మోడ్‌లోకి వెళ్లండి. అక్కడ చాలా పేర్లు కనిపిస్తాయి, కంగారు పడొద్దు. డిస్కార్డ్ అనేది సగం వరసలను పారేస్తుంది, 288తోనే సరిపెడుతుంది కాబట్టి చీర అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. బ్లెండ్ రెండు సగాలనూ కలిపేస్తుంది. గీతలు పోతాయి గానీ కదిలే చేతికి నీడలాంటి ఇంకో చేయి వస్తుంది. మనకు కావలసింది యాడిఫ్ 2ఎక్స్. ఏ భాగం కదిలిందో, ఏది కదలలేదో ముందు వెనక ఫీల్డులతో పోల్చి చూసుకుని, కదిలినచోటే ఖాళీ వరసలను నింపుతుంది. పైగా 50 ఫీల్డులనూ 50 పూర్తి ఫ్రేములుగా ఇస్తుంది. బియ్యం జలజలా రాలడం అప్పటి టీవీలో ఎంత నునుపుగా ఉండేదో మళ్లీ అంత నునుపుగా వస్తుంది. నా ఉద్దేశంలో ఈ పాఠంలో మీరు ఒక్క మార్పే చేయగలిగితే ఇదే చేయండి.

కొన్ని డిస్కుల్లో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. యాడిఫ్ 2ఎక్స్ పెట్టగానే గీతలు పోతాయి గానీ చేయి ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు వణుకుతున్నట్టు కదులుతుంది. ఫీల్డుల వరస తారుమారైందని దానర్థం. డీవీ అనే చిన్న డిజిటల్ టేపు మీద తీసే కెమెరాలు కింది ఫీల్డును ముందు రాస్తాయి, డీవీడీల్లో ఎక్కువగా పై ఫీల్డు ముందుంటుంది. మిక్సింగ్ చేసేటప్పుడు ఆ సెట్టింగ్ చూసుకోకపోతే వరస తిరగబడుతుంది. అలాంటి డిస్కుకు 2ఎక్స్ వదిలేసి మామూలు యాడిఫ్ పెట్టండి. వణుకు పోతుంది, నునుపు కొంచెం తగ్గుతుంది. నునుపు కూడా కావాలంటే ఎంపీవీ అనే ప్లేయరులో ఫీల్డుల వరసను మనమే చెప్పే వీలుంది. దాన్ని విడిగా ఇంకో పాఠంలో చూద్దాం.

నునుపు గురించే ఇంకొక్క మాట. మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంటే, 50 ఫ్రేములు అందులో సమంగా సర్దుకోవు. కెమెరా మండపం మీదుగా అడ్డంగా తిరిగినప్పుడు చిన్న చిన్న కుదుపులు తెలుస్తాయి. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు 50 గానీ 100 గానీ దొరికితే అది పెట్టుకోండి. 75 వల్ల లాభం లేదు.

ఆకారం సంగతి త్వరగా చెప్పేస్తాను. పాత పెళ్లి వీడియోలు ఎక్కువగా 4:3 కొలతవి, అంటే వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3 పాళ్లు. 1080 వరసల మానిటర్‌లో అది 1440 చుక్కల వెడల్పు మాత్రమే ఆక్రమించాలి. అటూ ఇటూ 240 చొప్పున నలుపు మిగలాలి. ఆ నలుపు నచ్చక తెరనిండా సాగదీస్తే మనుషులంతా మూడో వంతు లావెక్కుతారు. దయచేసి సాగదీయకండి. హారతి పళ్లెం గుండ్రంగా ఉందా లేదా చూడండి, అదే కొలబద్ద. నిలువుగా కోలగా ఉంటే ఆ వీడియోను 16:9లో తీసి డిస్కులో 4:3 అని రాసి ఉంటారు. ‘ఏ’ అక్షరం నొక్కుతూ 16:9 వచ్చినప్పుడు ఆపండి.

తర్వాత నలుపు. డీవీడీలో నలుపును 16వ మెట్టు దగ్గర, తెలుపును 235 దగ్గర రాస్తారు. మానిటర్‌కు నలుపంటే 0, తెలుపంటే 255. మధ్యలో ఈ మార్పు జరగకపోతే పెళ్లికొడుకు జుట్టు బూడిద రంగులో, బొమ్మంతా పొగమంచు పట్టినట్టు ఉంటుంది. రెండుసార్లు జరిగితే జుట్టంతా ఒకే నల్లటి ముద్ద, మధుపర్కాల తెలుపులో మడతలు మాయం. గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో వీడియో రంగుల దగ్గర డైనమిక్ రేంజ్ అని ఉంటుంది. దాన్ని ఫుల్‌కి, లిమిటెడ్‌కి మార్చి మార్చి చూసి, జడలో పాయలూ బట్టలో మడతలూ రెండూ కనిపించే చోట వదిలేయండి. గుంటూరు ఎండలో మధ్యాహ్నం పూట కిటికీ తెరిచి పెట్టుకుని ఈ పని చేస్తే కుదరదు. చీకటి పడ్డాక, లైటు మానిటర్ మీద పడకుండా చేయండి.

మానిటర్ బటన్లలో షార్ప్‌నెస్ అని ఒకటుంటుంది. మసకగా ఉందని దాన్ని పైకి ఎక్కించేవాళ్లే ఎక్కువ. దానివల్ల కొత్త వివరం ఒక్కటీ రాదు. ముఖాల చుట్టూ తెల్లటి గీత వస్తుంది, మండపంలో పొగ దగ్గర ఉండే చదరపు గళ్లు మరింత తేలతాయి. కంపెనీ ఇచ్చిన మామూలు స్థాయికి దించండి. బొమ్మను బట్టి వెలుగును తనే మార్చే డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేయండి. రెజల్యూషన్ మాత్రం మానిటర్ అసలు రెజల్యూషనే ఉండాలి. డీవీడీ చిన్నది కదా అని దాన్ని తగ్గిస్తే బొమ్మను పెంచే పని ప్లేయరు నుంచి మానిటర్‌కు మారుతుంది, సాధారణంగా ఆ పని మానిటర్ కన్నా ప్లేయరే బాగా చేస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా రెండు లోపాలు మిగులుతాయి. ఒకటి, మధుపర్కం ఎర్రంచు కొసలు గరుగ్గా కనిపించడం. డీవీడీలో వెలుగునీడలు 720 × 576 ఉన్నా, రంగు 360 × 288 మాత్రమే ఉంటుంది. ఎరుపు, తెలుపు కలిసే చోట అది బయటపడుతుంది. రెండోది, ఇందాక చెప్పిన పొగలోని గళ్లు. మూడు గంటల పెళ్లిని 4.7 జీబీ డిస్కులో కుక్కితే సెకనుకు మూడున్నర మెగాబిట్ల సమాచారం మించి దక్కదు. డీవీ టేపులో వీడియోకే సెకనుకు 25 మెగాబిట్లు ఉండేవి. అంటే కుక్కేటప్పుడే పోయింది చాలా ఉంది. అందుకని బీరువా పై అరల్లో, పాత సూట్‌కేసుల్లో ఒకసారి వెతకండి. ఆ చిన్న డీవీ టేపులు దొరికితే డిస్కు మీద ఇంత కష్టం అక్కర్లేదు, టేపు నుంచి నేరుగా ఎక్కించుకోవచ్చు.

పాత వీడియోను ఏఐతో 4కే చేసిస్తామనే షాపులు ఇప్పుడు కనిపిస్తున్నాయి. ముందు మండపం మీది పూల దండలు, తోరణాలు లాంటివాటిలో వాటి పని చూడండి, బాగానే ఉండొచ్చు. ముఖాల దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. దూరంగా కూర్చున్న తాతయ్య ముఖం డిస్కులో పాతిక చుక్కల వెడల్పు కూడా లేకపోతే, ఆ యంత్రం కనురెప్పలూ ముడతలూ తనే ఊహించి గీస్తుంది. చూడ్డానికి స్పష్టంగా ఉంటుంది, ఆయనలా మాత్రం ఉండకపోవచ్చు. ఆయన ఇప్పుడు లేకపోతే, రేపు పిల్లలు ఆ గీసిన ముఖాన్నే తాతయ్య అనుకుంటారు. చేయించుకున్నా సరే, మేక్‌ఎంకేవీతో ఎక్కించిన అసలు ఫైలును చెరిపేయకండి. దాన్ని ఇంకో హార్డ్ డిస్కులో కూడా పెట్టండి.

వచ్చే పాఠం లోపు చేయవలసింది: మీ ఫైలులో తలంబ్రాలు, అప్పగింతలు, ఊరేగింపు, ఈ మూడు చోట్లా డీఇంటర్లేస్ ఆఫ్‌లో, బ్లెండ్‌లో, యాడిఫ్ 2ఎక్స్‌లో ఒక్కో ఫ్రేము ఫొటో తీసి దాచుకోండి. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని ‘ఎస్’ నొక్కితే వీఎల్‌సీ ఫొటో తీస్తుంది. మూడిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఊరేగింపులో పెట్రోమాక్స్ లైట్ల దగ్గర తేడా బాగా తెలుస్తుంది.

3వ పాఠంలో సినిమా డీవీడీలు చూద్దాం. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో కాబట్టి, ఈ రోజు నేర్చుకున్న యాడిఫ్‌ను అక్కడ అలాగే పెడితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఇంట్లో ఉన్న సినిమా డిస్కు ఒకటి తీసి, వీఎల్‌సీలో కంట్రోల్ పట్టుకుని ‘జే’ నొక్కి, అందులో వరసలు 576 ఉన్నాయో 480 ఉన్నాయో రాసిపెట్టుకోండి.