ఇంగ్లండ్‌లో మరణం: కరోనర్ ఆఫీసును కుటుంబం రాసి అడగాల్సినవి

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వెళ్లిన పిల్లలు హఠాత్తుగా చనిపోతే ఇక్కడి తల్లిదండ్రులకు ఒకటే ఆరాటం, మృతదేహం ఎప్పుడొస్తుందని. దేహం ఇంటికి చేరాక కూడా అక్కడ విచారణ నడుస్తూనే ఉంటుందని చాలామందికి ఎవరూ చెప్పరు.

ముందు దేహం సంగతి. అసహజ మరణాన్ని, కారణం తెలియని మరణాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లలో కరోనర్ అనే న్యాయాధికారి విచారిస్తారు. స్కాట్లాండ్ పద్ధతి వేరు. దేహాన్ని దేశం దాటించాలంటే కరోనర్‌కు నోటీసు ఇవ్వాలి. ఆ పని అంత్యక్రియల సంస్థ చూస్తుంది. 28 రోజుల్లో దేహాన్ని అప్పగించలేకపోతే కారణమేంటో కరోనర్ కుటుంబానికి చెప్పాలి. మన దేశం వైపు మరణ పత్రం, ఎంబామింగ్ (దేహం పాడవకుండా మందులు పట్టించడం) సర్టిఫికెట్, భారత హైకమిషన్ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), రద్దయిన పాస్‌పోర్టు కాపీ కేంద్ర ఆరోగ్యశాఖ వారి ఈ-కేర్ పోర్టల్‌లో పెట్టాలి. కరోనర్ విచారణకు ఫీజు లేదు. "లోపల మాట్లాడి త్వరగా రిలీజ్ చేయిస్తాం" అనేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. రవాణా ఖర్చు భరించలేకపోతే హైకమిషన్‌లో ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ సాయం అడగండి.

ఎక్కువమంది దెబ్బతినేది దీని తర్వాతే. కరోనర్ ఆఫీసులో ఎవరి నంబరు ఉంటే కబురు వాళ్లకే వెళ్తుంది. అది ఏ రూమ్మేట్‌దో అయి ఉంటుంది. ఆ అబ్బాయి ఇల్లు మారితే కబురు అక్కడితో ఆగిపోతుంది. అందుకే తల్లిదండ్రులే, లేదా భార్యో భర్తో, సొంతంగా ఈమెయిల్ రాయాలి. అక్కడి 2009 కరోనర్స్ అండ్ జస్టిస్ చట్టం ప్రకారం వీళ్లంతా 'ఇంట్రెస్టెడ్ పర్సన్స్', అంటే విచారణలో పాల్గొనే హక్కున్నవాళ్లు. కరోనర్ దగ్గరున్న కాగితాల కాపీలు వీళ్లు అడిగితే ఇవ్వాలని 2013 నిబంధనలు చెబుతున్నాయి. అడిగితేనే. ఆ నిబంధనలతో హక్కయితే వచ్చింది గానీ, ఏం అడగాలో తెలియని కుటుంబానికి దానివల్ల ఒరిగేది తక్కువ.

మెయిల్‌లో చనిపోయినవారి పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, మీ బంధుత్వం రాయండి. జనన ధ్రువపత్రం గానీ, తల్లిదండ్రుల పేర్లున్న పాస్‌పోర్టు పేజీ గానీ జతచేయండి. మీ ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇద్దరూ ఒకరేనని ఒక వాక్యంలో వివరించండి. తర్వాత ఇవి అడగండి: ఇంటెరిమ్ (తాత్కాలిక) డెత్ సర్టిఫికెట్, పోస్టుమార్టం, టాక్సికాలజీ (ఒంట్లో మందులు, విషపదార్థాల పరీక్ష) రిపోర్టులు, సాక్షుల వాంగ్మూలాలు, ఇంక్వెస్ట్ (కరోనర్ కోర్టులో జరిగే విచారణ) తేదీ, వీడియోలో హాజరయ్యే అవకాశం. క్రిమినల్ కేసు నడుస్తుంటే కొన్ని కాగితాలు ఆపవచ్చు. ఇంక్వెస్ట్ ముగిసేదాకా కాపీలు ఉచితం; ఆ తర్వాత ఈమెయిల్‌లో పంపే ఒక్కో పత్రానికి 5 పౌండ్లు. పోస్టుమార్టం రిపోర్టు చదివే ధైర్యం లేకపోతే నమ్మకమైన డాక్టరుకు ఇచ్చి, సారాంశం చెప్పించుకోండి. అందులో తప్పేమీ లేదు.

ఇంక్వెస్ట్ 6 నెలల్లో పూర్తిచేయాలన్నది నియమం, ఆలస్యమూ జరుగుతుంటుంది. చనిపోయింది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నవే అక్కడ తేలుస్తారు, శిక్షలు వేయరు. లాయరు లేకుండానే మీరు సాక్షుల్ని ప్రశ్నలు అడగవచ్చు. భయపడాల్సిన పని లేదు, ప్రశ్నలు ముందే రాసి పంపండి. కోర్టులో తోడు కావాలంటే కరోనర్స్ కోర్ట్స్ సపోర్ట్ సర్వీస్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది.

ఇంక్వెస్ట్ అయ్యాక కరోనర్ వివరాలు జనన మరణాలు నమోదుచేసే రిజిస్ట్రార్‌కు పంపుతారు. మరణ కారణం రాసి ఉండే తుది డెత్ సర్టిఫికెట్‌ను ఆ రిజిస్ట్రార్ దగ్గరే, ఫీజు కట్టి తీసుకోవాలి. బీమా కంపెనీ అది కావాలంటే, అప్పటిదాకా ఇంటెరిమ్ సర్టిఫికెట్ జతచేసి క్లెయిమ్ పెండింగ్‌లో ఉంచమని రాతపూర్వకంగా కోరండి.