నాలుకను చదవడం – 3వ పాఠం: తుడిస్తే పోయే తెలుపు, పోని తెలుపు

రక్తహీనతలో నాలుక ఎందుకు పాలిపోతుందో, బి12 తగ్గినప్పుడు ఎందుకు ఎర్రగా, నున్నగా మారుతుందో కిందటి పాఠంలో చూశాం. ఈసారి తెల్లటి మచ్చల సంగతి. అనవసరంగా హడలెత్తించేవీ, తెలిసీ జనం పట్టించుకోనివీ రెండూ వీటిలోనే ఉన్నాయి.

ముందు చూసే పద్ధతి. పళ్లు తోముకున్నాక గంట ఆగి చూడండి. నిద్ర లేవగానే అయితే అందరి నాలుకకూ పాచి ఉంటుంది. అప్పటిదాకా కాఫీ, తాంబూలం, నేరేడుపళ్లు ముట్టవద్దు. అద్దం, ఫోన్ టార్చి చాలు. శుభ్రమైన పొడిగుడ్డతో నాలుక కొన పట్టుకుని మెల్లగా కుడివైపుకు లాగి ఎడమ అంచును, ఎడమవైపుకు లాగి కుడి అంచును చూడండి. చాలామంది నాలుక చాపి, పైభాగం చూసుకుని అద్దం ముందు నుంచి వెళ్లిపోతారు. నాలుక క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది ఈ పక్క అంచుల్లోనే. అంచుల వెనకభాగంలో నిలువు మడతలు కనిపిస్తే కంగారు పడకండి. రెండువైపులా ఒకే తీరున ఉంటే అవి సహజమైనవే. చివరగా కొనను అంగిలికి ఆనించి అడుగుభాగం చూడాలి.

తెల్లటి మచ్చ కనిపిస్తే తడిగుడ్డతో సున్నితంగా తుడవండి. విరిగిన పాల తరకల్లా ఊడివచ్చి, కింద ఎర్రటి చర్మం బయటపడితే అది క్యాండిడా అనే ఫంగస్ కావచ్చు. యాంటీబయాటిక్స్ వాడినవారికి, కట్టుడుపళ్లు రాత్రిళ్లు కూడా తీయనివారికి, ఉబ్బసానికి స్టిరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించనివారికి ఇది వస్తుంటుంది. ఈ కారణాలేవీ లేకుండా పెద్దవారిలో కనిపిస్తే చక్కెర పరీక్ష చేయించడం మంచిది. మధుమేహం ఉందని కొందరికి తెలిసేది ఇలాగే.

ఎంత తుడిచినా పోని తెల్లమచ్చ వేరే కథ. ఖైనీ, గుట్కా, జర్దా, చుట్ట అలవాటున్నవారిలో ఇది ల్యూకోప్లేకియా కావచ్చు. నొప్పి ఉండదు, మంట ఉండదు. అందుకే ఏళ్ల తరబడి అలా వదిలేస్తారు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్‌గా మారవు, కానీ ఏది మారుతుందో కంటితో చూసి చెప్పలేం. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షించాలి. తెలుపు మధ్య ఎరుపు కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇంట్లో ఉంటే నాలుకతో ఆపకండి. చుట్ట నిప్పు నోటిలోపలే ఉంటుంది కాబట్టి ఆ వేడి తగిలేది అంగిలికి. టార్చి అక్కడికీ తిప్పండి.

తెల్లటి అంచుతో ఎర్రటి మచ్చలు వచ్చి, కొన్ని రోజుల్లో చోటు మారితే అది జాగ్రఫిక్ టంగ్. కారం తగిలితే కాస్త మండుతుంది, అంతకుమించి హాని లేదు. అంటదు, క్యాన్సర్ కాదు.

నాలుక కొన గుండెకు, నడుమ భాగం కడుపుకు అద్దమని చెప్పే రంగుల పటాలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటిని చూసి మందులు మొదలుపెట్టకండి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఇద్దరి నాలుకలు ఇదే పద్ధతిలో చూడండి. ఏదైనా మచ్చ కనిపిస్తే అదే వెలుతురులో ఫొటో తీసి, తేదీ రాసి, వారం తర్వాత మళ్లీ తీసి పోల్చండి. మామూలు నోటిపూత రెండు వారాల్లో మానిపోతుంది. మూడు వారాలైనా మానని పుండు, చేతికి గట్టిగా తగిలే గడ్డ, తుడిస్తే పోని మచ్చ – వీటిలో ఏది ఉన్నా వచ్చే పాఠం కోసం ఆగకుండా దంతవైద్యుడికో చెవి, ముక్కు, గొంతు నిపుణుడికో చూపించండి. చాపిన నాలుక ఒక పక్కకు ఒరిగితే ఏమిటన్నది నాలుగో పాఠంలో.