ఇంటి కరెంటు పని, 5వ పాఠం: తాకకుండా పట్టే టెస్టర్‌ను ఎంచుకోవడం

గత పాఠంలో నియాన్ బల్బు ఉన్న స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను చూశాం. దాని మొన ఫేజును తాకాలి, వెనక మూత మీద మన వేలు ఆనాలి, మన ఒంటి గుండా సన్నని కరెంటు నేలకు పోవాలి. అప్పుడే ఆ నారింజ వెలుగు. మిట్టమధ్యాహ్నం చేలో మోటారు స్టార్టర్ దగ్గర ఆ వెలుగు కనిపించదని కూడా చెప్పుకున్నాం. ఈసారి వైరు తొడుగు మీదుగానే కరెంటును పసిగట్టే నాన్ కాంటాక్ట్ టెస్టర్ సంగతి. పెన్నులా ఉంటుంది కాబట్టి పెన్ టెస్టర్ అందాం.

కొనేముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. రెండు లోహాల మధ్య కరెంటు పారని పొర ఉంటే అది కెపాసిటర్. మూడో పాఠంలో సీలింగ్ ఫ్యానుకు 2.5 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ మార్చాం కదా, అదే సూత్రం. వైరులోని రాగి ఒక పలక, పెన్ను మొనలో దాగిన లోహం రెండో పలక, మధ్యలో ప్లాస్టిక్ తొడుగు. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది కనుక, ఆ పొరను దాటి అతి సన్నని కరెంటు మొనలోకి వస్తుంది. లోపలి సర్క్యూట్ దాన్ని పెద్దది చేసి దీపం వెలిగిస్తుంది, బీప్ కొడుతుంది.

ఆ కరెంటు తిరిగి నేలకు చేరాలి. పెన్నును పట్టుకున్న మన శరీరానికీ నేలకూ మధ్య ఇంకో కెపాసిటర్ ఉంది. ఈ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు. నేనూ ఒకసారి మరిచిపోయాను. ఒక ఇంట్లో ఫ్యాను విప్పడానికి రబ్బరు చెప్పులతోనే చెక్క నిచ్చెన ఎక్కాను. ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చును దించాననే అనుకున్నాను. పెన్ను పెడితే చప్పుడు లేదు. అయినా మనసొప్పక మల్టీమీటర్ తెప్పించి పెడితే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 226 వోల్టులు చూపింది. నేను దించింది పక్క గది ఎంసీబీ. నిచ్చెన మీద, నేలకు దూరంగా ఉన్న నా శరీరం ఆ రెండో కెపాసిటర్‌ను బాగా చిన్నది చేసింది, దాంతో పెన్నుకు అందాల్సిన సంకేతం అందలేదు.

అందుకే ఈ పాఠం మొత్తానికీ ఆధారమైన మాట ఇక్కడే చెబుతాను. ఈ టెస్టర్ తప్పుగా మోగితే మన సమయం పోతుంది, అంతే. తప్పుగా మౌనంగా ఉంటే ప్రాణం పోవచ్చు. ఎంచుకునేటప్పుడు ఎంత గట్టిగా మోగుతుందన్నది కాదు, అది ఊరుకున్నప్పుడు ఎందుకు ఊరుకుందో మనకు తెలిసే వీలుందా అన్నది చూడాలి.

మొదట చూడాల్సింది, పెన్ను బతికే ఉందని చెప్పే గుర్తు. కొన్ని చవక రకాల్లో కరెంటు దొరికితేనే దీపం వెలుగుతుంది, లేకపోతే ఏ గుర్తూ ఉండదు. బ్యాటరీ అయిపోయినా అదే మౌనం, వైరులో కరెంటు లేకపోయినా అదే మౌనం. అలాంటిది ఎంత తక్కువకు వచ్చినా వద్దు. ఆన్‌లో ఉన్నంతసేపూ ఆకుపచ్చ దీపమో, కొద్ది క్షణాలకోసారి మిణుకుమనే వెలుగో ఉన్నదే తీసుకోండి. ఎక్కువ రకాలు రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో నడుస్తాయి. బ్యాటరీ నీరసిస్తే దానంతటదే ఆగిపోయి ఆ దీపం కూడా ఆరిపోయే రకం మేలు.

రెండోది వోల్టేజ్ పరిధి. ఒంటి మీద అచ్చు వేసి ఉంటుంది: 12–1000, 90–1000, 200–1000. తక్కువ వోల్టేజీని పట్టేది గొప్పదని దుకాణంలో చెబుతారు. ఇంటి పనికి అది నిజం కాదు. 12 వోల్టుల నుంచే పట్టేదాన్ని స్విచ్‌బోర్డు దగ్గరికి తెస్తే ప్రతి వైరుకూ మోగుతుంది, ఏది ఫేజో తేలదు. ఒకే పైపులో పక్కపక్కన నడిచే వైర్లలో ఒకదాని ప్రభావంతో రెండోది, కరెంటు లేకున్నా, ఉన్నట్టే కనిపిస్తుంది. మరోవైపు, సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ 170కి పడిపోయే ఊళ్లు మనకు ఇంకా ఉన్నాయి. అక్కడ 200 నుంచి మొదలయ్యే పెన్ను ఊరుకోవచ్చు, 170 వోల్టులు మాత్రం మనిషిని ఊరికే వదలవు. నా ఎంపిక 90–1000. రెండు పరిధులను మార్చుకునే మీట ఉన్నదైతే మరీ మంచిది.

మూడోది క్యాట్ గుర్తు, అంటే కరెంటు పోటును ఎక్కడిదాకా తట్టుకోగలదో చెప్పే తరగతి. పిడుగు దగ్గర్లో పడినా, లైన్లలో పెద్ద స్విచ్చులు పడినా, క్షణంలో వేల వోల్టుల పోటు వస్తుంది. సర్వీసు వైరుకు దగ్గరయ్యే కొద్దీ దాని దెబ్బ ఎక్కువ. ప్లగ్గుకు తగిలించే ఉపకరణాలకు క్యాట్ 2, గోడలోని వైరింగ్‌కూ ఎంసీబీలు ఉండే డీబీ బాక్సుకూ క్యాట్ 3, మీటరుకూ సర్వీసు వైరుకూ క్యాట్ 4. క్యాట్ 3, 600 వోల్టులు అని ఉంటే 6000 వోల్టుల పోటుకు తట్టుకునేలా పరీక్షించారని అర్థం. అంతకు తక్కువది కొనకండి. క్యాట్ అన్న మాటే లేనిదాన్ని చేతిలోకి కూడా తీసుకోకండి.

టార్చి, క్లిప్పు వంటివి మీ ఇష్టం. మొన మాత్రం చూసుకోండి. పలకలాంటి మొన ఉన్నవి మన గుండ్రటి రంధ్రాల సాకెట్లలోకి సరిగా దూరవు.

దుకాణంలోనే బ్యాటరీలు వేయించి, కరెంటున్న సాకెట్ దగ్గర పట్టి చూడండి. తర్వాత మొనను చొక్కా మీద రుద్దండి. ఒకటి రెండుసార్లు బీప్ వచ్చి ఆగితే అది రాపిడి వల్ల వచ్చింది, లోపం కాదు. ఆగకుండా మోగితే తిరిగి ఇచ్చేయండి.

ఎంత మంచిది కొన్నా దానికి అందనివి కొన్ని ఉన్నాయి. ఇనుప పైపులోని వైరును, లోహపు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్‌ను బయటినుంచి పట్టలేదు. ఒకే తొడుగులోని ఫేజు, న్యూట్రల్ ప్రభావాలు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి కాబట్టి మొనను కేబుల్ చుట్టూ తిప్పి చూడాలి. డీసీని, అంటే అటూ ఇటూ మారకుండా ఒకే దిశలో పారే కరెంటును, అసలు గుర్తించదు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మేడల మీద సోలార్ పలకలు పెరిగాయి. వాటినుంచి దిగే వైర్లలో వందల వోల్టుల డీసీ ఉన్నా ఈ పెన్ను కిమ్మనదు.

వాడేటప్పుడు మూడు మెట్లు. కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి మోగించండి. పని చేయాల్సిన చోట చూడండి. వెంటనే మళ్లీ మొదటి చోటికే వచ్చి మోగించండి. మూడో మెట్టును ఎవరూ చేయరు, కానీ మధ్యలో బ్యాటరీ పోలేదని చెప్పేది అదొక్కటే. ఆ తర్వాత కూడా వైరును ముట్టుకునే ముందు మల్టీమీటర్‌తో నిర్ధారించుకోవాలి.

అభ్యాసం: డీబీ మూత తీయకండి. నేల మీద నిలబడి, ఎర్త్ రంధ్రం పైకి ఉన్న సాకెట్‌కు స్విచ్ వేసి చూస్తే కుడి రంధ్రం మోగాలి. ఎడమది మోగితే వైర్లు తారుమారయ్యాయి. స్విచ్ ఆపాక కూడా అంతే గట్టిగా మోగితే స్విచ్‌ను న్యూట్రల్ మీద పెట్టి ఉండవచ్చు. తర్వాత మెయిన్ దించి అన్ని పాయింట్లూ తిరగండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కొన్ని ఇంకా మోగుతూనే ఉంటాయి. వాటిని గదుల వారీగా రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితం, మల్టీమీటర్ రెండూ కావాలి.