యూకేలో ఆశ్రయం అప్పీలు ఓడిపోయాక: అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలా, వద్దా?

హోం ఆఫీస్ (యూకే హోం శాఖ) ఆశ్రయం ఇవ్వలేదు. అప్పీలు వినే మొదటి మెట్టు అయిన ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్ కూడా దాన్ని కొట్టేసింది. దాని పైనున్న అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్లేందుకు అనుమతి అడగడానికి, ఆ తీర్పు అందిన తేదీ నుంచి మీకు 14 రోజులుంటాయి. పని దినాలు కావు, శని ఆదివారాలు కలిపే లెక్క. దేశం బయట ఉన్నవాళ్లకు 28 రోజులు. దరఖాస్తు నేరుగా పైకి పోదు. ముందు తీర్పు చెప్పిన ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌నే అనుమతి అడగాలి. కేసు ఆన్‌లైన్‌లో నడిచి ఉంటే అక్కడే, లేదంటే ఐఏఎఫ్‌టీ-4 ఫారం మీద. ఫీజు లేదు. ఫీజు లేదు కాబట్టి ఒక రాయి వేసి చూద్దాం అనుకునేవాళ్లు చాలామంది. అలాంటివాటికి అనుమతి రావడం కష్టం.

తీర్పు అన్యాయంగా ఉందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. 2007 నాటి ట్రిబ్యునల్స్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం పైకి వెళ్లేది చట్టపరమైన తప్పు మీద మాత్రమే. అంటే రెండు చూపించాలి: జడ్జి ఫలానా పేరాలో ఫలానా తప్పు చేశారు, ఆ తప్పు జరగకపోతే ఫలితం మారే అవకాశం ఉండేది. మీ కథను మొదటి నుంచి మళ్లీ ఎవరూ వినరు. తామైతే వేరేలా తేల్చేవాళ్లమన్న కారణంతో ఇలాంటి ప్రత్యేక ట్రిబ్యునళ్ల తీర్పుల్లో పైకోర్టులు వేలు పెట్టకూడదని 2007లో ఏహెచ్ (సూడాన్) కేసులో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. మీ దరఖాస్తు చదివే జడ్జి మనసులో ఆ మాటే ఉంటుంది.

కాబట్టి ముందు తీర్పును ప్రింటు తీసి పెన్ను పట్టుకుని కూర్చోండి. సగం పేజీలు ఎవరేం వాదించారో చెప్పేవే ఉంటాయి, వాటిని వదిలేయండి. "నేను నమ్మలేకపోతున్నాను", "నిరూపించలేదు" లాంటి నిర్ధారణలు మొదలయ్యే చోట గీత గీయండి. ఒక్కో నిర్ధారణ పక్కన, దానికి ఎదురుగా మీరిచ్చిన సాక్ష్యం బండిల్‌లో (ట్రిబ్యునల్‌కు ఇచ్చిన కాగితాల కట్టలో) ఏ పేజీలో ఉందో రాయండి. పేజీ నంబరు ఉండి, జడ్జి దాని ఊసే ఎత్తకపోతే అక్కడ పని ఉంది. పేజీ నంబరు దొరకలేదంటే ఆ సాక్ష్యం జడ్జి ముందుకు వెళ్లలేదన్నమాట. తన ముందుకు రానిదాన్ని చూడలేదని జడ్జిని తప్పుపట్టలేం.

తెలుగువాళ్ల కేసుల్లో తగిలే చిక్కు ఒకటి చూద్దాం. హోం ఆఫీస్ ఇంటర్వ్యూలో ఒకాయన "మా అన్న వచ్చి చెప్పాడు" అన్నాడు. ఇంటర్‌ప్రెటర్ దాన్ని సొంత అన్నయ్యగా ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన దరఖాస్తు ఫారంలో మాత్రం అన్నదమ్ములు లేరని ఉంది. "మొన్న ఎలక్షన్ల తర్వాత" అన్న మాట రెండు రోజుల కిందటి సంగతిగా రికార్డయింది. ఈ రెండు తేడాలనూ పట్టుకుని జడ్జి నమ్మలేదు. ఇది అప్పీలుకు పనికొస్తుందా? మన వాడుకలో పార్టీ నాయకుణ్ణీ, పెదనాన్న కొడుకునూ కూడా అన్న అంటామని, మొన్న అంటే కొన్నాళ్ల కిందట అనే అర్థం కూడా ఉందని హియరింగ్‌కు ముందే వాంగ్మూలంలో రాసి, జడ్జి ఆ వివరణను పట్టించుకోకుండా తీర్పు రాసి ఉంటే పనికొస్తుంది. ఆ వివరణ ఇప్పుడే తట్టిందంటే చాలా కష్టం. హియరింగ్‌లోనే అనువాదం తప్పుగా వస్తుంటే అక్కడికక్కడే చెప్పాలి. తర్వాత చెబితే, అప్పుడెందుకు మాట్లాడలేదనే ముందు అడుగుతారు.

గట్టిగా నిలబడే తప్పుల్లో మొదటిది రుజువు స్థాయి. 2022 జూన్ 28కి ముందు పెట్టుకున్న ఆశ్రయం దరఖాస్తులకు అంతా తక్కువ స్థాయి రుజువు చాలు, అంటే ప్రమాదం ఉందనడానికి సహేతుకమైన అవకాశం కనిపిస్తే సరిపోతుంది. ఆ రోజు, ఆ తర్వాత పెట్టినవాటికి రెండు మెట్లు. మీ మతం, రాజకీయాభిప్రాయం లాంటి కారణం, మీకు నిజంగానే భయం ఉందా అన్న విషయం, ఈ రెండూ 'కాదనడం కంటే ఔననడానికే ఎక్కువ అవకాశం' అన్న పెద్ద స్థాయిలో తేలాలి. వెనక్కి వెళ్తే ఏం జరుగుతుందన్నది మాత్రం పాత తక్కువ స్థాయిలోనే చూడాలి. జడ్జి పెద్ద స్థాయిని రెండో మెట్టుకూ పెట్టారా? ఆశ్రయం మొదటి మెట్టు మీదే పడిపోయినా, యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలో చిత్రహింసలను నిషేధించే 3వ ఆర్టికల్ కింద అవే సంగతులను తక్కువ స్థాయిలో మళ్లీ తూచాలి. ఆ పని చేశారా? ఈ రెండు ప్రశ్నలూ ప్రతి తీర్పు మీదా వేసి చూడండి.

రెండోది డాక్టరు రిపోర్టు. ముందు అబద్ధమని తేల్చేసి, చివర్లో "నేను నమ్మలేదు కాబట్టి ఈ రిపోర్టుకు విలువ లేదు" అని రాయడం తప్పని 2005లో మిబాంగా కేసులో ట్రిబ్యునళ్ల పైనుండే కోర్ట్ ఆఫ్ అప్పీల్ చెప్పింది. సాక్ష్యమంతా కలిపి చూశాకే నమ్మకం సంగతి తేల్చాలి. కంట్రీ గైడెన్స్ తీర్పును (ఒక దేశంలోని పరిస్థితులపై జడ్జీలు పాటించాల్సిన తీర్పును) సరైన కారణం చెప్పకుండా పక్కన పెట్టడమూ తప్పే. కీలకమైన విషయంపై కారణాలు రాయకపోవడం, హియరింగ్‌లో అడగని విషయాన్ని తీర్పులో మీ మీదకు తిప్పడం కూడా ఈ కోవలోవే. తీర్పు పూర్తిగా అసంబద్ధమన్న వాదన కూడా ఉంది గానీ, ఇంకేమీ దొరకనప్పుడు అందరూ ఎత్తుకునేది అదే. గెలవడం చాలా అరుదు.

తప్పు దొరికిందని సంబరపడే ముందు తీర్పు చివరి పేరాలు చూడండి. భారతీయుల కేసులు ఎక్కువగా అక్కడే మునుగుతాయి. "ఆయన చెప్పింది నిజమే అనుకున్నా, దేశంలో ఇంకో నగరానికి వెళ్లి బతకొచ్చు" అని జడ్జి ఒక్క పేరా రాసి ఉంటే, నమ్మకం మీద మీరు ఎంత గట్టిగా వాదించినా ఫలితం మారదు. ఆ పేరాను కూడా విడిగా పడగొట్టాలి. ఉదాహరణకు భారత్‌లోని స్వలింగ సంపర్క పురుషులపై 2014లో వచ్చిన ఎండీ కంట్రీ గైడెన్స్ తీర్పు, వేరే చోటికి వెళ్లి ఉండటం సాధారణంగా సమంజసమేనంటుంది. మీ విషయంలో అది ఎందుకు కుదరదో ఫస్ట్-టియర్ ముందు పెట్టారా, జడ్జి దాన్ని వదిలేశారా అని చూడాలి.

తీర్పు తర్వాత ఊరి నుంచి కొత్తగా ఎఫ్ఐఆర్ కాపీ వచ్చిందనుకోండి. అది అప్పీలు సరుకు కాదు. దాన్ని ఇమిగ్రేషన్ రూల్స్ 353వ పేరా కింద హోం ఆఫీస్‌కు కొత్త క్లెయిముగా పెట్టుకోవాలి. కొత్త కాగితాన్ని అప్పీలు దరఖాస్తుకు కుట్టి పంపితే సాధారణంగా పనికిరాదు.

గ్రౌండ్స్ (అప్పీలుకు కారణాలు) రాసేటప్పుడు "జడ్జి నా సాక్ష్యాన్ని సరిగా పరిశీలించలేదు" అనే వాక్యం ఎందుకూ కొరగాదు. "24వ పేరాలో మచ్చల గురించి ఆధారం లేదని జడ్జి రాశారు. బండిల్ 61వ పేజీలో డాక్టరు రిపోర్టు ఉంది, తీర్పులో దాని ప్రస్తావన లేదు. 30వ పేరాలోని అపనమ్మకం దీని మీదే నిలబడింది" అని రాస్తే చదివే జడ్జి ఆగుతారు. ఇలాంటివి రెండో మూడో చాలు. పది పెడితే మంచివి కూడా అందులో కలిసిపోతాయి. జడ్జి ప్రవర్తన గురించో, హియరింగ్‌లో జరిగినదాని గురించో చెప్పాలంటే వాంగ్మూలమో రికార్డింగో కావాలి. పాత లాయరు తప్పు చేశాడని రాసేట్టయితే ముందు ఆయనకు ఆ సంగతి రాసి జవాబు అడగండి. ఆ ఉత్తరాలు లేకుండా ట్రిబ్యునల్ ఆ మాట పట్టించుకోదు.

గడువు దాటితే అదే దరఖాస్తులో పొడిగింపు అడిగి, ఆలస్యానికి కారణం కాగితాలతో చూపాలి. అయితే గడువులోపు వేసిన దరఖాస్తు తేలేదాకా అప్పీలు పెండింగ్‌లో ఉన్నట్టే, ఈలోగా పంపించేయడానికి చట్టం ఒప్పుకోదు. ఆలస్యమైతే ఆ రక్షణ మధ్యలో తెగిపోతుంది.

ఫస్ట్-టియర్ అనుమతి ఇవ్వకపోతే, ఆ నోటీసు పంపిన తేదీ నుంచి మరో 14 రోజుల్లో ఐఏయూటీ-1 ఫారంతో నేరుగా అప్పర్ ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. దేశం బయటుంటే నెల. చివరి రోజు సాయంత్రం 5 గంటలకల్లా చేరాలి. పాత గ్రౌండ్స్‌నే కాపీ చేసి పంపకుండా, నిరాకరణలో రాసిన కారణానికి జవాబు చెప్పండి. ఎందుకంటే ఇక్కడ కూడా కాదంటే దాదాపు దారి మూసుకున్నట్టే. మౌఖికంగా మళ్లీ అడిగే వీలు లేదు. ఒకప్పుడు, ఇలాంటి నిరాకరణను సవాలు చేయనిచ్చిన కార్ట్ కేసు తీర్పు ఆధారంగా హైకోర్టులో జుడీషియల్ రివ్యూకు (నిర్ణయం చట్టబద్ధమేనా అన్న పరిశీలనకు) వెళ్లేవారు. 2022 నాటి జుడీషియల్ రివ్యూ అండ్ కోర్ట్స్ చట్టం ఆ దారిని చాలా కొద్ది మినహాయింపులు తప్ప మూసేసింది.

అనుమతి వచ్చిందంటే గెలిచినట్టు కాదు. ముందు తప్పు జరిగిందా లేదా అన్నదాని మీదే హియరింగ్ ఉంటుంది. జరిగిందని తేలితే అప్పర్ ట్రిబ్యునల్ తానే తిరిగి తీర్పు రాయొచ్చు, లేదా మళ్లీ మొదటి నుంచి వినమని ఫస్ట్-టియర్‌కు పంపొచ్చు. మొదటి హియరింగ్ న్యాయంగా జరగలేదంటే సాధారణంగా వెనక్కే పంపుతారు. ఇక కోర్ట్ ఆఫ్ అప్పీల్‌కు వెళ్లాలంటే ఒక ముఖ్యమైన న్యాయ సూత్రమో, అంత బలమైన మరో కారణమో ఉండాలి. మీ ఒక్కరి తీర్పు తప్పు అన్నంత మాత్రాన చాలదు. అక్కడ ఫీజులు, ఓడితే అవతలివాళ్ల ఖర్చులు మీద పడే ప్రమాదం కూడా ఉంటాయి.

సలహాకు వాట్సాప్ గ్రూపులో కనిపించిన కన్సల్టెన్సీ దగ్గరకు వెళ్లొద్దు. సొలిసిటరో, బారిస్టరో, అప్పీళ్లు చేసే స్థాయిలో ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర రిజిస్టరైన సలహాదారో కావాలి. అర్హత లేకుండా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం అక్కడ నేరం.

ఆశ్రయం కాదని, కుటుంబ జీవితం ఆధారంగా మాత్రం ఉండనిచ్చారనుకోండి. సగం గెలిచాం కదా అని ఊరుకోకండి. శరణార్థి హోదాతో వచ్చే హక్కులు వేరు, ఓడిన భాగం మీద మీరూ 14 రోజుల్లోనే అనుమతి అడగాలి. పూర్తిగా గెలిచినా హోం ఆఫీస్‌కు కూడా అవే 14 రోజులుంటాయి. అవి గడిచేదాకా బండిల్ పారేయకండి.