రిలే టిక్కుమన్నా లోడు పనిచేయనప్పుడు: సొంత వైరింగ్‌లో లోపాన్ని వెతికే పద్ధతి

అదనపు లైట్లకో, ఫ్యానుకో, హారన్‌కో సొంతంగా వైరింగ్ వేసుకున్న వాహనంలో ఏదైనా పనిచేయకపోతే చాలామంది మొదట రిలేను, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌ను, మారుస్తారు. కొత్తది పెట్టినా ఫలితం లేకపోతే మరొకటి కొంటారు. వాస్తవానికి అటువంటి వైరింగ్‌లో రిలే చెడిపోవడం కంటే దానికి చేరే తీగలు, సాకెట్టు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి) సరిగా లేకపోవడమే ఎక్కువ. అందువల్ల రిలేను ఒకే వస్తువుగా కాక, ఒకదానితో ఒకటి విద్యుత్ సంబంధం లేని రెండు సర్క్యూట్లుగా చూసి, లోపం ఏ సర్క్యూట్‌లో ఉందో ముందు తేల్చుకోవాలి.

మొదటిది కాయిల్ సర్క్యూట్. కాయిల్ అంటే కరెంటు వెళ్లినప్పుడు అయస్కాంతమై రిలేలోని కాంటాక్టులను మూసే తీగచుట్ట. సాధారణ వాహన రిలేలో 85, 86 అనే పిన్నులు దీనివి. 86కు పాజిటివ్, 85కు ఎర్త్ ఇవ్వడం వాడుక. రెండవది లోడు (లైటు, ఫ్యాను వంటి పరికరం) సర్క్యూట్: బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే కరెంటు 30లో ప్రవేశించి, కాయిల్ పనిచేసినప్పుడు 87 ద్వారా లోడుకు వెళుతుంది. ఐదో పిన్ను 87ఎ ఉంటే, కాయిల్ ఆగి ఉన్నంతసేపూ 30 దానితో కలిసి ఉంటుంది. 12 వోల్టుల రిలే కాయిల్ సుమారు 150 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసుకుంటుంది కనుక సన్నని తీగ, చిన్న స్విచ్ దానికి సరిపోతాయి. లోడు వైపు మాత్రం 20 ఆంపియర్లో అంతకు మించో ప్రవహించవచ్చు.

స్విచ్ వేసి, రిలే మీద వేలు ఆనించి ఉంచండి. టిక్కుమన్న కదలిక వేలికి తెలిస్తే కాయిల్ సర్క్యూట్ దాదాపు బాగున్నట్లే, ఇక లోడు వైపు చూడాలి. కదలిక లేకపోతే రిలేను బయటకు తీసి, స్విచ్ వేసి ఉంచి, సాకెట్‌లోని 86, 85 రంధ్రాల మధ్య ఒక టెస్ట్ ల్యాంప్ (రెండు కొసలున్న పరీక్ష బల్బు) కలపండి. ఇక్కడ మల్టీమీటర్‌ను మాత్రమే నమ్మడం మంచిది కాదు. డిజిటల్ మీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి, తీగలోని పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా, తుప్పు పట్టిన జాయింటు ఉన్నా అది నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు అటువంటి చోట మసకగా వెలుగుతుంది లేదా అసలు వెలగదు. అయితే ఎయిర్‌బ్యాగ్ తీగల మీద, ఇంజిన్ కంప్యూటర్ నుంచి వచ్చే తీగల మీద టెస్ట్ ల్యాంప్‌ను ఎప్పుడూ వాడకూడదు.

ల్యాంప్ వెలగకపోతే దాని ఎర్త్ కొసను సాకెట్ నుంచి తీసి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు పట్టుకోండి. ఇప్పుడు వెలిగితే 85 ఎర్త్ లేదన్నమాట. పెయింటు మీద బిగించిన బోల్టు దీనికి సర్వసాధారణ కారణం. అప్పటికీ వెలగకపోతే స్విచ్, దాని ఫ్యూజు, 86 తీగ చూడాలి. ల్యాంప్ బాగా వెలిగి కూడా రిలే కదలకపోతే, విడిగా ఉన్న రిలే కాయిల్ నిరోధాన్ని కొలవండి. 12 వోల్టుల రిలేకు సుమారు 70 నుంచి 100 ఓమ్‌లు ఉంటుంది. సుమారు 300 ఓమ్‌లు కనిపిస్తే అది బహుశా 24 వోల్టుల లారీ రిలే. నిరోధం అనంతమని చూపిస్తే కాయిల్ తెగినట్లు, రిలే నిజంగానే చెడిపోయినట్లు.

చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, ఇంజిన్ వేడెక్కాక మొండికేసే రిలేను తొందరపడి పారేయకండి. రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర 90 ఓమ్‌లున్న కాయిల్ 85 డిగ్రీల దగ్గర సుమారు 113 ఓమ్‌లవుతుంది. ఎర్త్‌లో కొంత వోల్టేజీ ముందే నష్టమవుతున్నచోట ఈ తేడా చాలు, కాంటాక్టులు మూసుకోవు. రిలే టకటకా కొట్టుకుంటుంటే కూడా సాధారణంగా కాయిల్‌కు చాలినంత వోల్టేజీ అందడం లేదనే అర్థం. హెడ్‌లైట్‌కు ఏసీ సరఫరా ఉండే పాత మోటార్‌సైకిళ్లలో ఆ తీగనే 86కు కలిపితే, వోల్టేజీ సరిపోయినా రిలే జుమ్మంటూ అదురుతుంది. కాయిల్‌కు బ్యాటరీ వైపు డీసీ ఇవ్వాలి.

రిలే కదులుతున్నా లోడు నడవకపోతే, లోడు ఆన్‌లో ఉండగానే కొలవాలి. మీటరు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్‌కు, రెండోదాన్ని సాకెట్ వెనుక 30 తీగకు ఆనించండి. తరువాత 30కీ 87కీ మధ్య, 87కీ లోడు పాజిటివ్‌కీ మధ్య, చివరగా లోడు ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య. ఎక్కడ వోల్టేజీ ఎక్కువగా కనిపిస్తే నష్టం అక్కడే. మంచి కాంటాక్టుల మధ్య 0.1 వోల్టుకు మించకూడదు. 20 ఆంపియర్ల దారిలో వదులైన టెర్మినల్ ఒక వోల్టు తింటే అక్కడ 20 వాట్ల వేడి పుడుతుంది. సాకెట్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరగడం, కరగడం దాని గుర్తులే. అటువంటి సాకెట్‌లో కొత్త రిలే పెట్టడం వృథా. టెర్మినల్‌ను మార్చి, తీగను సరైన పనిముట్టుతో మళ్లీ క్రింప్ చేయాలి, అంటే నొక్కి బిగించాలి.

స్విచ్ ఆపినా లోడు ఆగకపోతే రిలేను లాగేయండి. అప్పటికీ నడుస్తుంటే తప్పు బయటి తీగల్లో ఉంది. ఆగితే, రిలేను తిరిగి పెట్టి 86 తీగను విప్పండి: ఇంకా నడుస్తుంటే కాంటాక్టులు అతుక్కుపోయి ఉండవచ్చు. హాలోజెన్ బల్బులు, మోటార్లు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే అనేక రెట్లు కరెంటు లాగడం వల్ల ఇలా జరుగుతుంది. 86 తీయగానే ఆగిపోతే ఆ తీగకు ఎక్కడి నుంచో సరఫరా అందుతోంది. ఒకసారి మూసుకున్న రిలేను పట్టి ఉంచడానికి చాలా తక్కువ వోల్టేజీ సరిపోతుంది కనుక, 87 నుంచి నడిచే సర్క్యూట్‌లోనే 86ను ఎక్కడైనా తగిలిస్తే రిలే తనను తానే పట్టుకుని కూర్చుంటుంది.

పిన్నుల అమరిక గురించి మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఇక్కడి తప్పులు పైకి తప్పుల్లా కనిపించవు. చూడటానికి ఒకేలా ఉండే రిలేలలో కొన్నింటికి 30, 86 స్థానాలు తారుమారై ఉంటాయి. స్విచ్ పాజిటివ్ వైపు ఉన్న వైరింగ్‌లో అటువంటి రిలే పెడితే కాయిల్‌కు బ్యాటరీ నుంచి నిరంతరం కరెంటు వెళుతుంది, లోడు కరెంటంతా చిన్న స్విచ్ గుండా పోతుంది. స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, ఆపితే ఆరుతుంది. అంతా సవ్యంగానే తోస్తుంది. కానీ స్విచ్ వేడెక్కుతుంది, నిలిపి ఉంచిన వాహనం బ్యాటరీ నుంచి రోజుకు సుమారు 3.6 ఆంపియర్ అవర్లు ఖర్చవుతుంది. మరికొన్ని రిలేలలో మధ్య పిన్ను 87ఎ కాక రెండో 87 అయి ఉంటుంది. అంతేకాక సాకెట్‌ను రిలే పెట్టే వైపు నుంచి కాక తీగల వైపు నుంచి చూస్తే అమరిక అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది. కాబట్టి తీగలు ఎక్కించే ముందు రిలే మీద ముద్రించిన బొమ్మనూ, కింది అంకెలనూ పోల్చి చూసుకోవడం తప్పనిసరి.

లోపల డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) ఉన్న రిలేకు 86, 85 తిరగేస్తే డయోడ్ షార్టుగా పనిచేసి కాయిల్ ఫ్యూజును కాల్చేస్తుంది. డయోడ్‌ను విడిగా బయట వేసుకునేవారు దాని చార ఉన్న కొసను పాజిటివ్ వైపే ఉంచాలి.