అమెరికా అప్పీలు కోర్టు తీర్పును ఎలా చదవాలి

తీర్పు పీడీఎఫ్ తెరవగానే నేరుగా చివరికి వెళ్లండి. అఫర్మ్‌డ్ (నిలబెట్టారు), రివర్స్‌డ్ (తిరగ్గొట్టారు), వెకేటెడ్ (రద్దు చేశారు), రిమాండెడ్ అనే మాటల్లో ఒకటో రెండో అక్కడ కనిపిస్తాయి. మన వార్తల్లో రిమాండ్ అంటే జైలుకు పంపడం. ఇక్కడ మాత్రం కేసును కింది కోర్టుకు తిప్పి పంపడం. తర్జుమా బోల్తా పడేది ఇక్కడే.

ఇప్పుడు మొదటి పేజీ. కోర్టు పేరు చూసి మోసపోకండి. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే విచారణ కోర్టు, అందరికన్నా పైది కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. టెక్సస్‌లో పై కోర్టులు రెండు, సివిల్‌కు ఒకటి, క్రిమినల్‌కు ఒకటి. ఫెడరల్ అప్పీలు కోర్టులు 13, వీటిని సర్క్యూట్లు అంటారు. తొమ్మిదో సర్క్యూట్ మాట కాలిఫోర్నియాలోని ఫెడరల్ జిల్లా కోర్టుకు శిరోధార్యం. అయిదో సర్క్యూట్ కిందికొచ్చే టెక్సస్ కోర్టు మాత్రం దాన్ని వింటే వినొచ్చు, లేకుంటే లేదు.

తలకట్టులో ‘నాట్ ఫర్ పబ్లికేషన్’ అని ఉందేమో చూడండి. 2007 జనవరి 1 నుంచి వచ్చిన అలాంటి ఫెడరల్ తీర్పులను ఉదహరించవచ్చు, కానీ అవి సాధారణంగా నజీరు (తర్వాతి కేసుల్లో కోర్టులు పాటించి తీరాల్సిన తీర్పు) కావు. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టుల్లోనైతే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఉదహరించడమే కుదరదు.

చాలామంది దాటేసే పేరా ‘స్టాండర్డ్ ఆఫ్ రివ్యూ’, అంటే కింది కోర్టు నిర్ణయాన్ని పై కోర్టు ఎంత గట్టిగా పరీక్షించాలన్న కొలత. సగం ఫలితం తేలిపోయేది దానిలోనే. డి నోవో అని ఉంటే చట్టం ప్రశ్నను పై కోర్టు మొదటినుంచీ తానే చూస్తుంది. అబ్యూస్ ఆఫ్ డిస్క్రిషన్ అని ఉంటే జడ్జి నిర్ణయం మరీ అసమంజసమైతే తప్ప జోక్యం చేసుకోదు. అలాంటి కేసులో అఫర్మ్ అయిందంటే కింది జడ్జి చేసిందే ఉత్తమమని కాదు, అది ఆయన పరిధిలోనిదే అని. తప్పు జరిగిందని ఒప్పుకుని కూడా, దానివల్ల ఫలితం మారదంటూ శిక్షను నిలబెట్టే తీర్పులూ ఉంటాయి. రాజ్యాంగ హక్కుకు సంబంధించిన తప్పయితే, 1967 నాటి చాప్‌మన్ కేసు ప్రకారం, అది హాని చేయలేదని సందేహానికి తావు లేకుండా నిరూపించాల్సింది ప్రాసిక్యూషనే.

శిక్ష రద్దయిందంటే విడుదలేనా? కారణం చూడాలి. సాక్ష్యం చాలలేదని రద్దయితే మళ్లీ విచారించే వీల్లేదు (బర్క్స్ కేసు, 1978). జ్యూరీకి తప్పు సూచన ఇచ్చారనో, సాక్ష్యాన్ని తప్పుగా అనుమతించారనో రద్దయితే మళ్లీ విచారణ పెట్టవచ్చు.

గడువులు పక్కన రాసుకోండి. ఫెడరల్ జిల్లా కోర్టు తీర్పుపై అప్పీలు నోటీసుకు సివిల్‌లో 30 రోజులు, ఫెడరల్ ప్రభుత్వం కక్షిదారైతే 60. క్రిమినల్ ముద్దాయికి 14 రోజులే. బౌల్స్ వర్సెస్ రస్సెల్ కేసులో గడువు తిరిగి తెరిచిన జడ్జి 14 రోజులకు బదులు పొరపాటున 17 ఇచ్చారు. జడ్జి చెప్పిన తేదీకి ఒకరోజు ముందే నోటీసు వేసినా, 14 దాటింది కాబట్టి చెల్లదని 2007లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. జడ్జి నోటిమాటనైనా సరే, రూలు పుస్తకంతో సరిచూసుకోవాల్సిందే.

తీర్పు వెలువడిన రోజే అమల్లోకి వచ్చిందనుకోవద్దు. ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో మాండేట్ (తీర్పును అమల్లోకి తెచ్చే ఉత్తర్వు) మామూలుగా పునర్విచారణ గడువు ముగిసిన 7 రోజులకు జారీ అవుతుంది. సుప్రీంకోర్టుకు వెళ్లే 90 రోజుల లెక్క మాత్రం మాండేట్ నుంచి కాదు, తీర్పు తేదీ నుంచి. సకాలంలో పునర్విచారణ అడిగి ఉంటే, దాన్ని తిరస్కరించిన రోజు నుంచి.

ఆఖరున, ఆ తీర్పు ఆధారపడ్డ కేసు ఇంకా నిలిచి ఉందో లేదో వెతకండి. 1984 నాటి షెవ్రాన్‌ సూత్రాన్ని (చట్టంలో అస్పష్టత ఉంటే ప్రభుత్వ సంస్థ చెప్పే సమంజసమైన అర్థాన్ని కోర్టులు ఒప్పుకోవాలన్నది) 2024 జూన్‌లో సుప్రీంకోర్టు లోపర్ బ్రైట్ కేసులో కొట్టేసింది. అయితే షెవ్రాన్ పద్ధతిలో అంతకుముందు తేలిన కేసుల ఫలితాలు, కేవలం ఆ కారణంగా చెల్లకుండా పోవని అదే తీర్పులో రాశారు. అందుకే కేసుల డేటాబేస్‌లో ‘ఓవర్‌రూల్డ్’ (కొట్టేశారు) అని ఎర్రజెండా కనిపించగానే పాత తీర్పును పక్కన పడేయకండి, ఏ అంశం మీద పోయిందో తెరిచి చూడండి.